నక్షత్రం వస్తే నొక్కాలి

ఎనిమిదేళ్ల కూతుర్ని బయట నర్సు దగ్గర వదిలి, తండ్రి ఒక్కడే డాక్టరమ్మ ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఇంట్లో కంప్యూటర్ మీద చేసిందిగా మేడం, మళ్లీ ఇక్కడెందుకు చేయించారు?”

“పిల్ల ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో చూసే పరీక్షే కదా, రెండూ పోల్చి చూద్దామని. నక్షత్రం వస్తే నొక్కాలి, సున్నా వస్తే ఊరుకోవాలి. ఇరవై నిమిషాలు.”

“ఎలా... ఎలా చేసింది?”

“ఇక్కడ కాస్త తడబడింది, అంతే. ఇంటి ఫలితం చూస్తే మాత్రం నాకే దడ పుట్టింది. నక్షత్రాలు సగం వదిలేసింది. సున్నాలొస్తే టకటకా నొక్కేసింది.”

“సగమా?”

“సగం. రెండూ ఒక్క పిల్లే చేసిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. మీరు పక్కనే ఉన్నారా?”

“ఉన్నాను. అంటే... ఉన్నాననే అనుకోండి.”

“టీవీ మోగుతోందా?”

“లేదు లేదు, తలుపు కూడా వేసేశాను.”

“ఎందుకు?”

“ఎండ... మా ఆవిడ చూస్తుందని.”

“చూస్తే ఏం?”

“కాస్త మంచినీళ్లు...”

“తాగండి. నమలకండి. ఈ ఒక్క పరీక్షతో మేం ఏదీ తేల్చం, టీచరు మాట, మీ మాట కూడా వింటాం. కానీ మీరే దాస్తే అక్కర్లేని మందు రాసేస్తానేమో!”

“వద్దు! మందొద్దు మేడం! అది... అది చేసింది పాప కాదు.”

“మరి?”

“నేనే. దాన్ని ఆడుకోమని పంపేసి నేనే కూర్చున్నాను. పిల్లకి ఏదో ఉందని తేలితే నలుగురిలో తలెత్తుకోలేనని... ఎంతసేపు, చిన్నపిల్లల ఆటేగా అనుకున్నా. తలకొట్టేసినట్టుంది మేడం.”

“పోనీ, శ్రద్ధగా చేశారా?”

“ప్రాణం పెట్టి చేశాను.”

“ఊఁ... చిన్నప్పుడు మిమ్మల్ని ఇంట్లో ఏమనేవాళ్లు?”

“పరధ్యానం వెధవ అనేవాడు మా నాన్న. లెక్క తప్పితే గంటసేపు గోడవైపు నిలబెట్టేవాడు.”

“మరి పాప తప్పు చేస్తే మీరేం చేస్తారు?”

“...మందలిస్తాను.”

“మందలిస్తారంతేనా?”

“అంతే... దాదాపు అంతే. అదిగో, వచ్చేసింది. ఏంటమ్మా, బయట కూర్చోమన్నానుగా?”

“నర్సక్క ఫోన్ మాట్లాడుతోంది. తలుపు దగ్గర అంతా విన్నాను. నాన్నా, నీక్కూడా నక్షత్రాలు తప్పిపోయాయా?”

“...తప్పిపోయాయమ్మా.”

“సగమా? అయితే ఇవాళ గోడవైపు ఇద్దరం నిలబడదాం. పక్కన నువ్వుంటే నాకు ఏడుపు రాదులే.”