పొగలేని వెలుగు కోసం యెహెజ్కేలు గారి ముప్ఫయి ఏడేళ్లు

1976 జూన్ 14వ తేదీ సోమవారం నాడు శ్రీ యెహెజ్కేలు గారు మన అణుశక్తి సంస్థ పరికరాల విభాగంలో సహాయకునిగా చేరారు. నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చి, సరూర్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, పగలు ఉద్యోగం, సాయంత్రం డిప్లొమా చదువుగా తొలి సంవత్సరాలు గడిపిన ఆ యువకుడు, అణువిద్యుత్తు అనే మాటను తన జీవితానికి కట్టుకోవడానికి కారణం పుస్తకాలు కావు. ఆయన అన్నగారైన ఇశ్రాయేలు గారు.

ఇశ్రాయేలు గారు ఒక బొగ్గు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవారు. సెలవులకు తమ్ముడు వెళ్లినప్పుడల్లా వదినగారు అన్నం పళ్లేల మీద మూతలు వేసి వడ్డించేవారు. ఆరేసిన బట్టల మీద, చంటిపిల్ల కనురెప్పల మీద కూడా బూడిద ఉండేది. దగ్గి దగ్గి, నలభై నిండకుండానే అన్నగారు ప్రభువు సన్నిధికి చేరారు. దవాఖానలో డాక్టరు బీడీల వల్ల అన్నారు. ఇశ్రాయేలు గారు ఏనాడూ బీడీ ముట్టలేదు. పొగ లేకుండా కరెంటు పుట్టే దారి ఒకటి ఉన్నదని జనానికి చెప్పడమే తన పని అని తమ్ముడు ఆనాడే నిశ్చయించుకున్నారు.

కనుకనే 1989లో ప్రజావగాహన విభాగం ఏర్పడినప్పుడు, పదోన్నతి దొరికే మరో శాఖను వదులుకుని అందులో చేరారు. అద్దాల పెట్టెలో ఎర్ర బల్బు రియాక్టరుగా, చిన్న మోటారుతో తిరిగే టర్బైను, దాని వెనుక వెలిగే ఇరవై బుల్లి ఇళ్లతో ఒక నమూనాను స్వహస్తాలతో చేశారు. సైదాబాద్ బడులు మొదలు తుర్కయంజాల్ వరకు ఆ పెట్టె చూడని ఊరు తక్కువ. బ్యాటరీ తీసుకువెళ్లమని కార్యాలయం ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినేవారు కారు. కరెంటు గురించి చెప్పేవాడు గోడకున్న కరెంటునే నమ్ముకోవాలన్నది ఆయన పట్టు. ఎక్కడికి వెళ్లినా ముందు ప్లగ్గు పాయింటు వెతుక్కునేవారు.

2011 మార్చిలో జపానులో సముద్రం పొంగి అక్కడి అణుకేంద్రాన్ని ముంచింది. అప్పటి నుండి విభాగాన్ని ఉంచాలా, ఎత్తివేయాలా అని పైన చర్చ మొదలైంది. ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, గనుల్లో బొగ్గు కదలలేదు. తెలంగాణ రావాలని అందరిలాగే కోరుకున్న యెహెజ్కేలు గారికి, బొగ్గు ఆగితే ఊరు చీకటవుతుందన్న సంగతి కళ్ల ముందే కనబడుతున్న రోజులవి. విభాగాధిపతి శ్రీ మురళీకృష్ణ గారు ఆయనను పిలిచి, "మీ వాదనకు ఇంతకన్నా మంచి సమయం దొరకదండీ. ఒక్క సభ పెట్టండి, నేనూ వస్తాను. అది బాగుంటే పైవాళ్లకు చెప్పి విభాగాన్ని నిలబెట్టుకుందాం" అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్ కాలనీ సంఘం హాలులో సభ ఏర్పాటైంది. ఆ ప్రాంతానికి కోత మధ్యాహ్నమని పేపర్లో చూసి, ఉదయం పెట్టుకున్నారు. బస్సులు లేకపోయినా జనం నడిచి వచ్చారు. బొగ్గు పొగతో భూమి ఎలా వేడెక్కుతున్నదో, గాలి, ఎండ దొరకని వేళ కూడా అణుకేంద్రం ఎలా నడుస్తుందో చెప్పి, అందరూ మెడలు చాచి చూస్తుండగా ఆయన నమూనా స్విచ్చి వేశారు. టర్బైను తిరిగింది. ఇరవై ఇళ్లూ వెలిగాయి. అంతలోనే హాలులో ఫ్యాన్లు ఆగాయి, ఇళ్లు ఆరిపోయాయి. పేపర్లో వేసిన వేళలను బొగ్గు నిల్వలు లెక్కచేయలేదు.

"ఏంది సారూ, అణుకరెంటుకు గూడ కోతనా?" అని వెనుక నుండి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. "పోయింది మన రియాక్టరు కాదు బిడ్డా, మన సబ్‌స్టేషను" అని ఆయనా నవ్వారు.

అప్పుడు ముందు వరుసలోని కోటేశ్వరమ్మ గారనే విశ్రాంత ఉపాధ్యాయురాలు లేచారు. "ఏమండీ, జపానులో కూడా ముందు కరెంటు పోబట్టే కదా కొంప మునిగింది? మా కోస్తాలో సముద్రం ఒడ్డునే ఒకటి కడతారంటున్నారు, అందుకని అడుగుతున్నాను."

మన రియాక్టర్ల నిర్మాణం వేరని చెప్పాలని కార్యాలయం నేర్పిన జవాబు ఒకటున్నది. అందులో అబద్ధం లేదు. ఆరు నెలలుగా ఆయన అదే చెబుతున్నారు. ఆనాడు మాత్రం ఆరిపోయిన పెట్టె మీద చెయ్యి ఆనించి, "నిజమేనమ్మా. రియాక్టరు ఆపినాక కూడా దాని వేడి జల్ది తగ్గదు. నీళ్లు తోడుతనే ఉండాలె. తోడనీకె కరెంటు కావాలె" అన్నారు.

తుర్కయంజాల్ అవతల నల్లగొండ దిక్కు నుండి వచ్చిన బక్కయ్య అనే రైతు కూర్చున్న చోటు నుండే అందుకున్నాడు. "మా దిక్కు యురేనియం అని బోర్లేసి మట్టి తీస్కపోతున్నరు సారూ. నువ్వు మా దిక్కోనివే. మాకేం గాదని నీ దేవుని మీద ఒట్టేసి చెప్పు. ఇంటికి పోత."

"కరెంటు మంచిదే బక్కన్నా. పొగ లేదు. మా అన్నను తిన్న బూడిద లేదు. గని పక్కపొంటి ఉండేటోనికి ఏం గాదని మాత్రం ఒట్టెయ్యలేను. నాకు తెల్వదు."

"గా అమ్మకూ భయమే, నాకూ భయమే. రాష్ట్రం కాడ కొట్లాడుకుంటున్నం గని, గీ ముచ్చటల ఒక్కటే ఉన్నం" అన్నాడు బక్కయ్య. కోటేశ్వరమ్మ గారు వెనక్కు తిరిగి చూసి తల ఊపారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయట మురళీకృష్ణ గారు కోపం లేకుండానే, "ఆ ఒక్క మాట దాచుకుని ఉండవలసింది యెహెజ్కేలు గారూ" అన్నారు. "దాచుకోనీకె జాగ లేదు సార్. మా అన్న పోయినప్పుడు డాక్టరు గిట్లనే ఒక మాట దాచిండు" అన్నారు ఆయన.

నెల తిరగకుండానే విభాగాన్ని ఎత్తివేశారు. నమూనా గోదాముకు వెళ్లింది. యెహెజ్కేలు గారు చివరి ఏడాదిన్నర సిబ్బంది సెలవుల ఫైళ్లు చూశారు. ఆ పనినీ ఎవరూ వేలెత్తి చూపలేనంత శ్రద్ధగా చేశారు. అన్నగారు పనిచేసిన కేంద్రానికి మరో పొగగొట్టం కడుతున్నారన్న వార్త వచ్చిన రోజున మాత్రం భోజనాల గదిలో డబ్బా తెరిచి, తినకుండానే మూసివేశారు.

బొగ్గు వద్దంటే చీకటి, అణువు వద్దంటే బొగ్గు, అణువు కావాలంటే బక్కయ్య. పూజగదిలో దీపం పెట్టి దేవుణ్ణి అడిగేవారమూ, ఎల్బీనగర్ చర్చిలో మోకరిల్లి అడిగిన ఆయనా ఈ మూడింటికీ బయట దారి ఉన్నదేమో తెలుసుకోలేకపోయాము. ఏళ్లు గడిచేకొద్దీ వేసవులు మండుతున్నాయి. జవాబు చెప్పవలసిన వారు విభాగాలు మూసుకుంటున్నారు. ఆయన స్థానంలో ఎవరినీ నియమించలేదని ఈ సంచికలో రాయవలసి రావడం మాకు సిగ్గుగా ఉన్నది.

2013 మే 31న పదవీ విరమణ చేస్తున్న శ్రీ యెహెజ్కేలు గారికి, వారి ధర్మపత్ని శ్రీమతి ఎస్తేరమ్మ గారికి దేవుడు ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని ప్రసాదించుగాక. బక్కయ్య ముందు ఒట్టేసి చెప్పగల రోజును చూసే వరకు వారు జీవించాలని ప్రార్థించాలనే కూర్చున్నాము. కానీ అది ఎన్ని తరాల ఆయుష్షును అడగడమో తెలియక, వెరచి, నిండు నూరేళ్లు మాత్రం అడుగుతున్నాము.