కుయ్‌మన్న మాట

గోదావరిఖనిలో సారవ్వ ఇంటి వాకిలి. లోకల్ చానెల్ రిపోర్టరు భూపాల్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి మక్సూదా గడప మీద బియ్యం ఏరుతోంది.

"ఒక్క మాట అవ్వా. తప్పయిందని ఒక్క మాట అను, అయిపోతది."

"ఎవలకు చెప్పాలె బిడ్డా?"

"చూసేటోళ్లకు. ధర్నా కాడ మైకు పెడితే గంత పెద్ద బూతు అంటివి. టీవీల ఆడోళ్లు, పిల్లలు చూస్తరు గద సారవ్వా."

"మక్సూదా, మీ పిల్లలు చూసిన్రా చెల్లే?"

"చూసిన్రక్కా. మాట యాడ వినొచ్చింది? కుయ్‌మని కూత ఒక్కటే వినొచ్చింది. ఏం మాట అమ్మీ, ఏం మాట అని నా పానం తిన్నరు. మా ఉజైర్ అయితే వానికెరుకున్న తిట్లన్ని చెప్పి, వీటిల ఏదని నన్నే అడిగిండు."

"నవ్వులాట కాదు మక్సూదక్కా. చానెలుకు ఒకటే ఫోన్లు. నిన్న చర్చ గూడ పెట్టినం."

"అదీ చూసిన. కోట్లేసుకోని కూసున్నరు. తిట్లు టీవీల రావొచ్చునా, రావద్దా అని. ఒకాయన సంస్కృతి అన్నడు. ఇంకొకాయన బొగ్గుబాయి పని జేసేటోళ్ల ఇండ్లల్ల నోరే గంత అన్నడు. సదయ్య బావను గుద్దిన కాంట్రాక్టరు టిప్పరు సంగతి ఒక్కడన్న ఎత్తిండా?"

"అది సబ్జెక్టు కాదక్కా."

"కాలు పోయినాయన సబ్జెక్టు కాదు. వారెవా. సీరియల్ల అత్త కోడలికి పాలల్ల విషం కలిపిస్తది, దానికి కుయ్ అనరు. సారక్క నోరు తెరిస్తే కుయ్."

"నువ్వు జరసేపు సప్పుడు జెయ్యకుంటే..."

"బియ్యంల రాళ్లు ఏరుతున్న. నోట్లె పెట్టుకోలె."

"అవ్వా, నీ మంచికే చెప్తున్న. కాంట్రాక్టరు మనుషులు ఊకోరు. మేనేజరు సారు ఠాణాల దరఖాస్తు ఇచ్చిండు, టీవీల నన్ను బూతు తిట్టిందని. మీ జైపాల్ గూడ ఆళ్ల కాడనే డ్యూటీ గద?"

"మొన్నటిసంది గేటు కాడికెల్లే మర్లగొడ్తున్నరు నా కొడుకును."

"గదే మరి. నువ్వు తప్పయిందంటే రేపే లోపలికి రానిస్తరు."

"గట్ల చెప్పుమని ఆళ్లు నిన్ను తోలిన్రా?"

"తోలుడంటే... మాటల్ల మాట వచ్చింది. ఊకనే."

"ఊకనే."

"కోపంల నోరు జారింది, గంతే. అందరికి జారుతది."

"జారలె బిడ్డా. మంచిగనే, ఎరుకతోనే చెప్పిన. మా ఇంట్ల టీవీ లేదు, నేను చూడలె. నీ ఫోన్ల ఉంటదా?"

"ఉంటది గని... ఇప్పుడెందుకు?"

"తప్పు ఒప్పుకోవాలంటే ఏం తప్పు జేసిన్నో చూడద్దా?"

"పెట్టు భూపాల్. జల్ది పెట్టు."

"...ఇగో."

"'మా ఆయన సైకిలు మీద పోతాంటే టిప్పరు గుద్దింది. కరీంనగర్ దవాఖానకు మేమే తీస్కపోతమన్నరు, బండి తోల్లె. కాలు తీసేసిన్రు. గుద్దిన నాడే నేను ఆఫీసుకు పోయిన. మేనేజరు... కుయ్.'"

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నడుమ మాటలేవి?"

"ఏ మాటలు?"

"'మేనేజరును బండి అడిగితే నన్ను ఏమన్నడో ఇనుండ్రి' అన్న. దాని ఎన్కనే ఆ మాట. అది నేను తిట్టిన తిట్టు కాదు. నన్ను తిట్టిన తిట్టు."

"యా అల్లా. తిట్టినోడే పోయి దరఖాస్తు ఇచ్చిండా?"

"టైము చాలక ఎడిటింగుల పోయినట్టుంది. అది నా చేతుల లేదు."

"మైకు పట్టింది నువ్వేనాయె."

"మైకు పడ్తగని కట్ జేసుడు వేరేటోళ్లు చేస్తరు. అయినా ఇప్పుడు చెప్తే ఎవలు నమ్ముతరవ్వా? ఆయిన అనలేదంటడు. నువ్వొక్కదానివే పోయినవ్. సాక్ష్యం గావాలె."

"అవు. సాక్ష్యం గావాలె."

"అందుకే చెప్తున్న. తప్పయిందను. నీ కొడుకు బతుకు చూసుకో."

"సరే. చెప్త. గని ఈసారి నడుమ కొయ్యద్దు."

"లైవే పెడ్త. లైవుల కోసేదేముంటది?"

"అక్కా, చెప్పకు. నీకేం గ్రాచారం?"

"నువ్వు ఊకో చెల్లే. పెట్టు బిడ్డా."

"గిటు జరుగవ్వా, ఎలుతురు దిక్కు. కొంగు నెత్తి మీదికి తీసుకో. కండ్లల్ల నీళ్లొస్తే తుడ్సుకోకు, ఉండనియ్యి. ఆ... ప్రేక్షకులకు నమస్కారం. మొన్నటి అసభ్య పదజాలంపై సారవ్వ గారు ఇప్పుడు మన చానెల్ ద్వారా క్షమాపణ చెప్పబోతున్నారు. చెప్పండమ్మా."

"అందరికి దండాలు. నా నోట్లెకెల్లి చెడ్డ మాట వచ్చింది. మీ ఇండ్లల్ల పిల్లలుంటరు, దానికి తప్పే. ఆ మాట నాది కాదు. పెనిమిటిని దవాఖానకు తీస్కపోను బండి అడగవోతే కాంట్రాక్టరు మేనేజరు నన్నన్న మాట."

"అమ్మా, అదంతా కాదు, క్షమాపణ..."

"సాక్ష్యం గావాలంటివి గద. ఉన్నది. గా కెమెరా నీ దిక్కు తిప్పుకో భూపాలూ. ఆయిన నన్ను గట్ల అన్నప్పుడు పక్క కుర్చీల కూసోని, చాయ్ తాగుకుంట నవ్వినవ్. చెప్పు బిడ్డా, ఏమన్నడు?"