లేని పాదానికి వేసిన లాకు

1972 ఆగస్టు 16వ తేదీన, వరద గోదావరిలో నాటుపడవ దిగి, తడిసిన చీరతోనే కోనసీమలోని ఒక ఆరోగ్య కేంద్రంలో విధుల్లో చేరిన డాక్టర్ బాలాత్రిపురసుందరి గారు, ఈ 2004 జూన్ నెలాఖరున మన రాజమండ్రి ఆసుపత్రిలో మత్తు వైద్య విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి గొంతు వింటే రోగులకు నిద్ర పట్టేది. సిబ్బందికి మాత్రం ఉన్న నిద్ర ఎగిరిపోయేదన్నది జగమెరిగిన సత్యం.

1983లో ఇక్కడికి బదిలీపై వచ్చిన వారు, గాయం మానినా బాధ మానని అభాగ్యుల కోసం పట్టుబట్టి నొప్పుల ఓపీ తెరిపించారు. 1998లో అక్కడికే వచ్చాడు బుల్లియ్య అనే మత్స్యకారుడు. లాంచీకీ రేవు గట్టుకీ మధ్య నలిగిన అతని ఎడమకాలిని అప్పటికే మోకాలి కింద తీసేశారు. దానిని భార్య మరిడమ్మ గుడ్డలో చుట్టి, తమ ఊరి దగ్గర ఏటి నడుమ ఉన్న లంక ఇసుకలో పాతిపెట్టింది. ఆనాటి నుంచీ ఏటికి సముద్రపు పోటు వచ్చినప్పుడల్లా బుల్లియ్య లేని పాదాన్ని పట్టుకోబోయి, గాలిని పట్టుకుని కేకలు పెట్టేవాడు.

"పాదం తడిసిందండి. వేళ్ళు ముడుచుకుపోయాయి. పీతలు కొరుకుతున్నాయండి అమ్మగారూ!"

"నేనే వంకరగా పాతేశానండి," అని మరిడమ్మ ఏడ్చింది. సరిచేద్దామని వెళ్ళి తవ్వితే అక్కడ కాలు లేదు. ఏరు ఒడ్డును కోసుకుపోయింది. అప్పటి నుంచి బుల్లియ్య, "అది రమ్మంటోందండి, నేనే వెళ్ళిపోతాను," అంటూ నీళ్ళకేసి పాకడం మొదలుపెట్టాడు.

డాక్టరు గారు ఒక మాత్ర రాశారు. మందుల షాపతను అది దిగులు జబ్బు మందని చెప్పగానే మరిడమ్మ ఆ మాత్రల్ని గోదాట్లో పారేసి వచ్చింది.

"మా ఆయనకి పిచ్చి లేదండి!"

డాక్టరు గారు తమ చేతిసంచిలోంచి అవే మాత్రలు తీసి చూపించారు. "సర్పి పొక్కులు మానినా నా నడుం చుట్టూ మంట పోలేదు. నేనూ ఇదే వేసుకుంటున్నాను. నాకు పిచ్చెక్కిందంటావా?"

"కోపం ఎక్కువని మాత్రం అంటారండి," అంది మరిడమ్మ.

ఆవిడ నవ్వి, డెల్టా మనిషికి అర్థమయ్యేలా చెప్పారు. "కాలు పోయినా దాని నరం వెన్నుపాములోకి బాధ కబుర్లు పంపుతూనే ఉంటుంది. కాలవ నీటికి తలుపు దించినట్టు మెదడు పైనుంచి లాకు దించి వాటిని ఆపాలి. మీ ఆయనకి ఆ పట్టు తప్పింది. ఈ మందు చిన్న మోతాదులో ఆ లాకుకి బలమిస్తుంది. వారాలు పడుతుంది, అందరికీ పనిచెయ్యదు. చూద్దాం."

కొన్ని వారాలకు పోటు వచ్చినా బుల్లియ్య కేక వెయ్యలేదు. "నొప్పి దిగిందండి. కాలు మాత్రం ఉందండి. ఎక్కడో నీళ్ళలో నడుస్తోంది," అన్నాడు. ఆ మాటకు తమ ఒళ్ళు జలదరించిందని డాక్టరు గారే ఒప్పుకున్నారు. తర్వాత మందును మెల్లగా మాన్పించారు.

మొన్న వీడ్కోలు చెప్పడానికి బుల్లియ్య చంకకర్రల మీద వచ్చాడు. గుమ్మం బయట కుడిచెప్పు విడిచి, చేతిసంచిలోంచి ఎడమది తీసి పక్కన పెట్టాడు. దాని అడుగున తడి ఇసుక ఉంది.

"అమ్మగారు వెళ్ళిపోతే మా లాకు ఎవరు చూస్తారండి?"

డాక్టరు గారు వంగి, వంకరగా ఉన్న ఆ ఎడమచెప్పును కుడిదాని పక్కన తిన్నగా సర్దారు.

ఎందరి బాధకో అడ్డుకట్ట వేసిన ఆ చల్లని చేతులు ఏ నొప్పీ ఎరుగకుండా ఉండాలనీ, డాక్టర్ బాలాత్రిపురసుందరి గారు కుటుంబ సమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాము.