పులి హ్యాండ్‌బ్రేకు

కోడూరులో ఆ యేడు వరి కోతలు ఇంకా మొదలవలేదు గానీ, యలమంద కోతలు మాత్రం లలితాంబ టీచరుగారి అరుగు మీద ఆ సాయంత్రం టీ గ్లాసులు రాకముందే మొదలైపోయాయి.

కోయక ఏం చేస్తాడు పాపం! చెరువుల్లో రొయ్యకి తెల్లమచ్చ తెగులొచ్చి ఊడ్చిపెట్టుకుపోయాక, బందరుకి రొయ్యలు మోసే అతని వ్యాను ఇంటిముందు ఈగలు తోలుకుంటూ నిలబడింది. దాన్ని కడిగాడు, సీట్లు బిగించాడు, నీచు వాసన పోవడానికి సాంబ్రాణి పొగ కూడా వేశాడు. రొయ్యల వాసన పోలేదు సరికదా, సాంబ్రాణి దానికి తోడైంది. ఇప్పుడు కార్తీకమాసానికి టీచరుగారు వీధిలో ఆడవాళ్ళని కూడగట్టి శ్రీశైలం వెళ్దామంటున్నారు. ఆ ట్రిప్పు దొరికితే వ్యాను నిలుస్తుంది, నలుగురూ పిలుస్తారు. దొరక్కపోతే అమ్మేసుకోవడమే. అవనిగడ్డ నుంచి టూరిస్టు వ్యాను వాడొకడు ఆ ట్రిప్పు తనకిమ్మని టీచరుగారికి అప్పుడే కబురు పెట్టి ఉన్నాడు.

అందుకని, "ఘాట్‌రోడ్డు మీద ఎప్పుడైనా నడిపావా నాయనా?" అని టీచరుగారు మామూలుగా అడిగిన మాటకి, లేదండీ అనాల్సిన నోరు కాస్తా "నడపకేమండీ!" అనేసింది.

నిజం చెప్పాలంటే కొండని యలమంద బొమ్మల్లోనే చూశాడు. వాళ్ళమ్మ కోటప్పకొండ స్వామికి మొక్కుకుని, ఆ కొండ కింది ఊరి పేరే అతనికి పెట్టింది గానీ, ఆ కొండకైనా వెళ్ళే తీరిక అతనికి దొరకలేదు. దివిసీమలో పుట్టినవాడికి ఎత్తంటే కృష్ణ కరకట్టే.

"ఒక్కసారేనండీ," అని మర్యాదగానే మొదలుపెట్టాడు. "మా రొయ్యల ఏజెంటుగారికి మొక్కుందంటే తీసుకెళ్ళాను. దోర్నాల దాటాక అంతా అడివే. మలుపులు కాస్త జాగ్రత్తగా తిప్పుకోవాలంతే."

అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోను. పక్కింటి భానుమతి చేటలో బియ్యం ఏరడం ఆపి, "అమ్మో! ఎంత మలుపు నాయనా?" అంది. అలా నోరు తెరుచుకుని వినేవాళ్ళు దొరికితే యలమంద నోటికి బ్రేకులుండవు.

"ఎంత మలుపంటే పిన్నిగారూ, తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, ఇంకా తిప్పుతూనే ఉన్నాను, ఎదురుగా ఓ వ్యాను వెనకభాగం కనపడిందండీ. హారన్ కొట్టాను. సైడివ్వడే! ఎవడ్రా నువ్వు, కళ్ళు నెత్తికెక్కాయా అని నాలుగు తిట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వెనక సీట్లోంచి ఓ మనిషి చెయ్యి బయటపెట్టి, 'యలమందా, కాస్త వక్కపొడి ఉంటే ఇటివ్వు' అన్నాడు. చూద్దును గదా, మా ఏజెంటుగారే! అది నా బండేనండీ! నా బండి తోకని నేనే తిట్టుకున్నాను."

అరుగు చివర కూర్చున్న నరసింహారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన రొయ్యల చెరువులు ఎండబెట్టుకుని కూర్చున్న ఆసామి. భార్యని ఈ ట్రిప్పుకి పంపాలి గనక, అవనిగడ్డ వ్యానే మేలని ముందునుంచీ అంటున్నాడు. "ఇచ్చావా మరి, వక్కపొడి?" అని అడిగాడు.

"ఇవ్వకేం బాబాయ్! ముందునుంచి ఇస్తే, డబ్బీ వెనక సీట్లోంచి తిరిగొచ్చింది."

యలమందకి హుషారొచ్చింది. వ్యాను అప్పుడే శ్రీశైలం బయల్దేరినట్టనిపించింది.

"అక్కణ్ణుంచి మంచు మొదలైందండీ. మన మంచు ఎంత, మజ్జిగనీళ్ళు. అది గడ్డపెరుగు! లైటు వేస్తే వెలుగు వెనక్కొచ్చి నా మొహానే కొట్టింది. ఏం చెయ్యను? బండిలో కొడవలుంది. మన చేలో వరి కోసినట్టు మంచుని కోసుకుంటూ, పనలు వేసుకుంటూ, బండి నడుపుకుంటూ..."

"కొయ్యడమూ నువ్వే, నడపడమూ నువ్వేనా?"

"కాసేపు అదీ, కాసేపు ఇదీ బాబాయ్. కోసిందంతా రోడ్డువారన కుప్ప వేశాను. బస్సుల వాళ్ళు ఇప్పటికీ దాన్ని యలమంద కుప్ప అంటారు."

"కుప్ప నూర్చావా మరి?"

"నూర్చకుండా వస్తానా? అంతా నీళ్ళే! ఆ నీళ్ళు అక్కడే కృష్ణలో కలిశాయి. ఆ యేడు మన కాలవకి నీళ్ళు ముందుగా వచ్చింది అందుకేనండీ."

"అవునర్రా, ఆ యేడు ముందుగానే వచ్చాయి," అని భానుమతి సాక్ష్యం కూడా చెప్పింది.

టీచరుగారు మాత్రం నవ్వలేదు, కాదనలేదు. చిన్నప్పుడు యలమందకి అక్షరాలు దిద్దబెట్టింది ఆవిడే. అప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఎలా చూసేవారో, ఇప్పుడూ టీ గ్లాసు పట్టుకుని అలాగే చూస్తున్నారు. ఆ చూపు గుచ్చుకున్నకొద్దీ యలమంద కోత పెద్దదైంది.

"మంచు విడిందా, రోడ్డుకడ్డంగా పెద్దపులి! మన బాబాయిగారి దున్నపోతంత ఉంది. భయపడ్డానా? పడలేదు. బండిలో మంగినపూడి ఎండుచేపల మూట ఉంటే ఓ చేప విసిరాను. తింది. ఇంకోటి వెయ్యమంది."

"అందా?" అంది భానుమతి.

"కళ్ళతో అందండీ. ఆ వాసనకి బండి వెనకే నడిచొస్తోంది. ఇంతలో దిగుడు. సరిగ్గా అప్పుడే బ్రేకు పోయింది! ఇటు కొండ, అటు లోయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'పట్టుకోవే తల్లీ!' అని కేకేశాను. పులి వెనక బంపరు పళ్ళతో కరుచుకుని, నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఆపేసింది! గోళ్ళ గీతలు ఇంకా తారు మీదున్నాయి. అక్కణ్ణుంచి కింద దాకా అదే నాకు హ్యాండ్‌బ్రేకు. పట్టు అంటే పట్టేది, వదులు అంటే వదిలేది. కొండ దిగాక కోడూరు వస్తానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సీట్లు లేవన్నాను."

భానుమతి చేటలో బియ్యం ఒలికిపోయాయి. నరసింహారావు కళ్ళు తుడుచుకుంటూ, "ఒరే, ఆ అవనిగడ్డ వాడికి పులి లేదు గదరా!" అన్నాడు. ఇంకేముంది, ట్రిప్పు దొరికినట్టే అనుకున్నాడు యలమంద. ఇన్ని కోతల మధ్య తనకి నిజంగా తెలిసిన పనితనం ఒక్కటైనా చెప్పుకోవాలనిపించింది. అదే కొంప ముంచింది.

"డీజిలు సంగతి కూడా చూసుకోండి టీచరుగారూ. దిగుడు మొత్తం ఇంజను కట్టేసి, గేరు తీసేసి న్యూట్రల్లో వదిలేశాను. చుక్క ఖర్చు కాలేదు."

ఇది కోత కాదు. కరకట్ట దిగేటప్పుడు అతను రోజూ చేసే పనే.

టీచరుగారు గ్లాసు కింద పెట్టారు. "ఒరేయ్ యలమందా, నీకు చదువు చెప్పింది నేనే కదా?"

"మీరేనండీ."

"చదవడం మర్చిపోలేదు కదా?"

"భలేవారే!"

"మా వారూ నేనూ ఓసారి ఆ దారిన బస్సులో వెళ్ళాం. బండరాళ్ళ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది, ఇంజను ఆపరాదు, న్యూట్రల్లో దిగరాదు అని. ఎందుకని ఆ డ్రైవర్నే అడిగాను. ఒక్క బ్రేకు మీదే దిగితే అది కాలిపోతుందమ్మా, ఎక్కిన గేరులోనే దిగాలి అన్నాడు. పులిని చూశావు, మంచు కోశావు, నీ బండి తోక నువ్వే చూసుకున్నావు. ఆ రాతలు మాత్రం నీకు కనపళ్ళేదా నాయనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పులికి భయపడని భానుమతి, న్యూట్రలంటే ఏమిటో తెలియకుండానే భయపడింది. యలమంద కళ్ళకి ఆ దిగుడు కనపడింది. వ్యాను నిండా వీధి ఆడవాళ్ళు, వెనక్కి పట్టుకునే పులి లేదు, ఇంజను కట్టేసి కొండ మీంచి దిగుతున్న తను. ఆ మాట ఇంతవరకూ అతనికి తట్టనే లేదు.

"నేను కొండే ఎక్కలేదండీ," అన్నాడు నేల చూస్తూ. "అవనిగడ్డ వాడినే పిలిపించుకోండి. మీకేమన్నా అయితే నేను..."

"అతనితో పొద్దున్నే మాట్లాడాను," అన్నారు టీచరుగారు. "ఘాట్‌రోడ్డా, కళ్ళు మూసుకుని తీసుకెళ్తానండీ అన్నాడు. నాకు కళ్ళు తెరుచుకుని నడిపేవాడు కావాలి. నువ్విప్పుడు తెరిచావు."

యలమంద తలెత్తాడు.

"బ్రేకులు బాగుచేయించు. తెలిసిన డ్రైవర్నొకణ్ణి పక్కన కూచోబెట్టుకుని, ముందు మీ కోటప్పకొండ ఎక్కి దిగిరా. మీ అమ్మ మొక్కూ తీరుతుంది. సరిగ్గా దిగావని అతను నాతో చెబితే శ్రీశైలం నీ వ్యానులోనే. ముందు సీట్లో నేను కూర్చుంటాను. రాళ్ళ మీద రాసినవన్నీ పైకి చదువుతాను, నువ్వు విను."

"ఎక్కిన గేరులోనే దిగుతానండీ," అన్నాడు యలమంద. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి, వీధి గుమ్మం దగ్గర ఆగాడు. నోరు ఊరుకుంటే కదా!

"పులి ఎదురైతే మాత్రం కంగారుపడకండి టీచరుగారూ. ఎండుచేపలు నేను తెస్తాను."

"కార్తీకమాసంలో నీచేమిట్రా!" అని అప్పుడు నవ్వారు లలితాంబ టీచరుగారు. "ముందు ఆ వ్యానులో రొయ్యల వాసన వదిలించు. లేకపోతే నీ పులి నిజంగానే వెంటపడుతుంది."