ముందు పళ్ళు

కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న పనిగది. సాయంత్రం కావస్తోంది. బల్లకు ఒక పక్క మేనమామ, మరో పక్క మేనకోడలు.

"మళ్ళీ పీకేశావా మావయ్యా?"

"పీకక? ఎడమవైపు కోరపన్ను చూడవే, ఎలా తోసుకొచ్చిందో. ఇవి పెట్టుకునే ఆవిడ నవ్విందంటే ముందు అదే వచ్చి పలకరిస్తుంది."

"నాకు తిన్నగానే కనపడుతోంది."

"కనపడుతుంది. చెయ్యి తిరగనంత కాలం కంటికి అన్నీ తిన్నగానే ఉంటాయి. ఆ చాకు కాస్త వేడి చేసి ఇలా ఇయ్యి. పళ్ళు గుచ్చిన మైనం గట్టిపడిపోతోంది."

"ఇవ్వను."

"అదేంటి?"

"ముందు నా మాటకి జవాబు చెప్పు. ఎప్పుడు తిరుగుతుంది నా చెయ్యి?"

"తిరిగినప్పుడు తిరుగుతుంది. చెయ్యగా చెయ్యగా అదే వస్తుంది."

"చేస్తూనే ఉన్నాగా. పెళ్ళికి ముందు వచ్చి కూచున్నాను ఈ బల్ల దగ్గర. ఇప్పుడు నా కూతురికి పాలపళ్ళు ఊడుతున్నాయి. నాకింకా దవడ పళ్ళే."

"దవడ పళ్ళంటే అంత చులకనా? నమిలేది వాటితోనే."

"నవ్వితే కనపడవుగా, అందుకే నాకిచ్చావు. ముందు పళ్ళు పేరుస్తాను, పీకుతావు. మళ్ళీ పేరుస్తాను, మళ్ళీ పీకుతావు. ఇన్నేళ్ళలో నాకు అలవాటైంది పళ్ళు పేర్చడం కాదు. నువ్వు పీకుతుంటే నోరు మూసుకుని కూచోడం."

"ఇప్పుడు మూసుకున్నట్టు లేదే."

"నవ్వించకు. నేను కోపంగా ఉన్నాను."

"సరే, ఉండు. చాకివ్వు."

"తిరిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది? అది చెప్పు."

"నాకు."

"డాక్టరుగారికి తెలీదా? పోయినసారి సెట్టు చూసి ఎంత బాగుందన్నారో."

"ఆయనకి నోట్లో పట్టిందా లేదా అన్నదే లెక్క. పట్టిందంటే బాగున్నట్టే."

"పోనీ, పెట్టుకునే ఆవిడకి?"

"బోసినోటితో ఉండి ఉండి వస్తుంది మనిషి. ఏం పెట్టినా బాగుందనే అంటుంది, పాపం."

"అంటే డాక్టరుకి తెలీదు, పెట్టుకునేవాళ్ళకి తెలీదు. లోకంలో నీకొక్కడికే కళ్ళున్నాయి."

"అలా అన్నానా?"

"ఇంకెలా అంటారు? సరే, విను. ఎదురుగా ఉన్న క్లినిక్ వాళ్ళు నన్ను రమ్మంటున్నారు. రేపట్నించి ముందు పళ్ళు నావే, ఎవరూ పీకరు. ఇవాళ దీపాలు పెట్టేలోగా అవునో కాదో చెప్పమన్నారు."

"మీ అమ్మకి చెప్పావా?"

"అమ్మ సంగతి ఎందుకిప్పుడు? నీకు చెప్తున్నాను. ఒక్క సెట్టు, ఒక్కటంటే ఒక్కటి, నువ్వు ముట్టుకోకుండా పంపించు. నేనెక్కడికీ పోను."

"వంకరగా ఉన్నదాన్ని ఎలా పంపిస్తానే? నువ్వు అలిగావని ఆవిడెవరో వంకరపళ్ళతో తిరగాలా?"

"వంకరేనా?"

"వంకరే."

"బాగా చూసే చెప్తున్నావా?"

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"అది నేను పేర్చింది కాదు మావయ్యా. నిన్న నువ్వు పేర్చింది. నాది ఇంకా సొరుగులోంచి తియ్యనేలేదు. కావాలనే పేరు చీటీ మార్చి పెట్టాను."

"ఏదీ, చీటీ తియ్యి."

"చూసుకో. అచ్చు కింద గుర్తు ఎవరిది?"

"నాదే."

"ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను. వంకరే."

"నీదని తెలిశాక కూడానా?"

"నాదైతే మాత్రం వంకర పోతుందా?"

"దేవుడా, నేనేదో గెలిచాననుకున్నాను. నాదీ బాగాలేదు, నీదీ బాగాలేదు. మరి ఎవరిది బాగుంటుంది నీకు?"

"నాకు పని నేర్పిన మాస్టారిది బాగుండేది."

"పోయిన మనిషితో నేనెక్కడ పోటీపడను? ఆయన నీకైనా చెప్పాడుగా, చెయ్యి తిరిగిందిరా అని. నాకూ ఆ ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"ఆ చాకు ఇస్తావా, ఇవ్వవా?"

"మావయ్యా. చెప్పాడుగా?"

"చెప్తాడనే ఎదురుచూశాను. ఇవాళ కాకపోతే రేపు చెప్తాడు అని. నేను పేరిస్తే ఆయనా పీకేవాడు. ఒకరోజు పనిలోకి రాలేదు. ఆయన పోయాక వాళ్ళావిడ వచ్చి తాళంచెవులు నా చేతిలో పెట్టింది. అంతే."

"తర్వాతైనా ఎవర్నీ అడగలేదా?"

"ఎవర్నడగను? చూడ్డం వచ్చిన మనిషంటూ ఉంటే కదా."

"అందుకని నీవీ నావీ అన్నీ పీక్కుంటూ కూచున్నావా ఇన్నేళ్ళూ?"

"ఏమో. పేర్చడం సంగతేమో గానీ, పీకడం మాత్రం బాగా అలవాటైంది."

"ఇప్పుడు నేను ఆ క్లినిక్ వాళ్ళకేం చెప్పను? ఇలాంటి మాటొకటి చెప్పి నన్ను కదలకుండా చేద్దామనా?"

"కాదు. వెళ్ళు, మంచి చోటే. వెళ్ళేముందు ఒక్కసారి దీపం ఇటు తిప్పుకుని ఈ సెట్టు చేత్తో పట్టుకుని చూడు. నేను పీకిన ఆ కోరపన్ను వదిలేసి మిగతావి చూడు. మేనమామనని మొహమాటపడకు. చూసి చెప్పవే, నా చెయ్యి తిరిగిందా?"