బాలప్ప పిక్క మీద పులి గాటు

పందొమ్మిది వందల అరవై ఆరు. తాండూరులో మా చెల్లెలు కొండమ్మ ఇంటి వాకిలి. నులక మంచం మీద నేను, అంటే కుల్కచర్ల బాలప్పను. నా ముందర మేనకోడలు జంగమ్మ, ఏడో తరగతి. చెల్లెలు లోపల జొన్నరొట్టెలు చేస్తోంది. బావ కిష్టప్ప బండల గనికి పోయాడు.

“నువ్వు చెప్తెనే అమ్మ ఇంటది మామా. వేరేటోళ్లు చెప్తె ఇంటలేదు.”

“ఏం చెప్పాలె బిడ్డా?”

“అనంతగిరి గుట్టల పులి లేదని.”

“లేదా! మరి గీ పిక్క మీద గాటు ఏంది? దోమ కుట్టిందా?”

“మస్తుసార్లు చూసిన. రేపు పొద్దుగాల రైలుకు గైడ్స్ పిల్లలందరు క్యాంపుకు పోతున్నరు. వికారాబాద్‌ల దిగి గుట్ట దాంక నడుసుడే. మార్త పోతున్నది, సంతోషమ్మ పోతున్నది. నేనొక్కదాన్నే ఇంట్ల. ఎందుకు? మా మామను పులి కరిచిందంట!”

“కరిచిందంట ఏంది? కరిచింది.”

“మా టీచరమ్మ లేదన్నది. నాయన గూడ లేదనే అంటడు. ఎట్ల తెలుసంటె మాత్రం నోరు తెరువడు.”

“మీ నాయనకేం ఎరుక? బండలు కొట్టేటోడు. నేను పులి ముచ్చట ఎత్తంగనే లేచి బైటికి పోతడు. గంత భయం.”

“గా పులి ఇప్పుడు ఉన్నదా మామా?”

“ఎట్లుంటది? నన్ను కరిచినంక దానికి నోరు చెడ్డది. కక్కుకుంట పరిగి దిక్కు పోయింది. బస్సెక్కి పోయిందంటరు, టికెట్ గూడ తీసుకోలేదంట.”

“నవ్వకు. నాకు ఏడుపొస్తున్నది.”

“ఏడ్వకు. పుట్నాలు తెచ్చిన.”

“వద్దు.”

“బెల్లం గూడ ఉన్నది.”

“వద్దంటున్న గద!”

“ఎందుకే గంత తిప్పలు? గుట్ట ఎక్కుడు, అడివిల వండుకొని తినుడు. గొర్లెనక నేను రోజు గదే చేస్త. నా అంగీకి ఎవ్వడన్న బిల్ల పెట్టిండా?”

“గట్ల గాదు మామా. మార్త నీకెరుకనే గద, హాజరు పిలుస్తె ‘ఉన్న’ అననీకి గూడ సిగ్గువడుతుండె. పోయినేడు క్యాంపుకు పోయింది. రాళ్లు పేర్చిన గుర్తులు చూసుకుంట అడివిల తొవ్వ తీసిందంట. ఒక్క అగ్గిపుల్లతోటి పొయ్యి ముట్టిచ్చిందంట. ఇప్పుడు బడిల జెండా కాడ అందరికి అదే హుకుం ఇస్తది. నన్నేమో ‘పులి బాలప్ప కోడలు, పిరికిది’ అంటున్నరు.”

“ఎవరన్నరు?”

“అందరు. సరే తియ్యి. గీ తాడు చూడు, కొత్త ముడి నేర్చుకున్న. చేతులియ్యి.”

“ఒకటి చాలదా?”

“రెండు. మంచం కోడుకు ఆనిచ్చి పెట్టు. గిట్ల ఒక చుట్టు... లోపట్నుంచి గిట్ల... ఇగ గుంజు.”

“అరె! బిగుస్తున్నదేందే?”

“గదే ముడి. ఎంత గుంజుతె గంత బిగుస్తది.”

“మంచిగున్నది. ఇప్పు.”

“పులి ముచ్చట చెప్పు, ఇప్పుత.”

“చెప్పిన గద, ఇరవైసార్లు.”

“ఇరవైసార్లు ఇరవై తీర్లు చెప్పినవ్. ఒకపారి ఆడపులి, ఒకపారి మొగపులి. నాకు అసలుది గావాలె.”

“ముక్కు దురద పెడుతున్నది, జర గోకు.”

“చెప్పినంక గోకుత.”

“నువ్వు గైడువా, పోలీసువా?”

“మామా!”

“ఇను బిడ్డా. గా పులిని చూసే మీ అత్త హన్మమ్మ నన్ను చేసుకున్నది. కుల్కచర్ల హోటల్ల నాకు చాయ్ పుక్యానికి, పైసలడుగరు. బస్సుల నిలబడితె ‘పులి బాలప్పా, కూసో’ అని జాగ ఇస్తరు. గా పులి పోతె నేనెవ్వన్ని? మూడో తరగతిల బడి ఎగ్గొట్టినోన్ని. గంతే.”

“మరి క్యాంపుకు పోకుంటె నేనెవ్వర్ని మామా?”

“గట్ల అడుగకు.”

“అడిగిన.”

“...మీ అమ్మ లోపట్నే ఉన్నదా?”

“రొట్టెలు కొడుతున్నది. సప్పుడు ఇనస్తలేదా?”

“అయితె మెల్లగ చెప్త. పదిహేనేండ్లయింది. గొర్లు తోలుకొని అనంతగిరి ఎక్కిన. ఆడ స్కౌట్ పోరగాండ్లు డేరాలు ఏసుకున్నరు. ఖాకీ లాగులు, మెడల రుమాళ్లు, చేతుల కట్టెలు. సీటీ కొడితె అందరు ఒక్క వరుస. నా గొర్లు పుట్టినకాడికెల్లి గట్ల నిలబడలే. నన్ను గూడ రమ్మంటరని పొద్దంత ఆడనే తిరిగిన. ఎవ్వరు పిలువలే.”

“పాపం.”

“పాపం లేదు, గీపం లేదు. కడుపు మండింది. పొద్దుగూకంగ పొదల కూసొని, నా నీళ్లకుండ వంపి, మూతిల మొఖం పెట్టి ఒర్రిన.”

“ఎట్ల?”

“గుర్ర్ర్ర్...”

“వామ్మో!”

“మెల్లగ! ఇగ పోరగాండ్లు వికారాబాద్ టేశన్ దాంక ఉరుకుతరనుకున్న.”

“ఉరికిండ్రా?”

“ఉరికిండ్రు. నా దిక్కే!”

“పులి దిక్కా?”

“ఒకడు సీటీ కొట్టిండు. ఒకడు కాగడ ముట్టిచ్చిండు. మిగిలినోళ్లు కట్టెలు పట్టుకొని పొద చుట్టు నిలబడ్డరు. మనిషినని చెప్దామంటె కుండ తలకాయకు ఇరికింది. లోపల్నేమో ‘నేను బాలప్పను’ అంటున్న, బైటికేమో ‘గుర్ర్’ అనే పోతున్నది.”

“అయ్యో మామా!”

“ఒక కట్టె పడ్డది. బోర్ల పడ్డ. కుండ పగిలింది. లేసి ఉరుకబోయి పెంకుల మీదనే మల్ల పడ్డ, ఒకటి పిక్కల దిగింది. గదే పులి పన్ను.”

“కుండ పెంకా!”

“మెల్లగ అంటున్న గద! తిడుతరనుకున్న. ఒక్కడు తిట్టలే. కొట్టినోడే వచ్చి, మెడల రుమాలు ఇప్పి కాలు కట్టిండు. రెండు కట్టెలకు అంగీలు తొడిగి డోలీ చేసిండ్రు. ఉత్త బన్యన్ల మీద చలికి వణుక్కుంట నాలుగు మైళ్లు దవాఖాన దాంక మోసిండ్రు.”

“నువ్వేం చేసినవ్?”

“సోయి లేనట్టు కండ్లు మూసుకున్న. సిగ్గుకు. తొవ్వల గా కట్టు కట్టిన పోరడు అన్నడు, ‘గీయన ఇజ్జత్ పోవద్దు. ఎవరడిగినా పడ్డడని చెప్దం. కుండ ముచ్చట సచ్చేదాంక ఎవ్వరికి చెప్పొద్దు’ అని. అందరు ఒట్టేసుకున్నరు.”

“మరి పులి?”

“పులి నాది. పొద్దుగాల మా నాయన ‘ఏమైందిరా’ అనంగనే నోట్లకెల్లి దుంకింది. ఇగ మల్ల లోపటికి పోలే.”

“గా రుమాలు?”

“నా నడుముల ఉన్నది సూడు, తంబాకు కట్టిన గుడ్డ. గదే. తిరిగి ఇద్దామంటె ఎవనికియ్యాలె? చీకటి, మీదికెల్లి కండ్లు మూసుకుంటి గద.”

“అన్నా!”

“అమ్మా! ఎప్పుడొచ్చినవ్?”

“రొట్టెల సప్పుడు ఎప్పుడో ఆగింది బిడ్డా. మీ మామ గుర్రుమన్నప్పుడే.”

“ఇన్నవా చెల్లె? ఇగ తిట్టు. చేతులు కట్టేసే ఉన్నయి, ఉరుకరాదు. కని పిల్లను పంపు. గుట్టల పులి లేదు. ఉన్న ఒక్కటి గీ మంచానికి కట్టేసున్నది. కావాలంటె కుల్కచర్ల హోటల్ల గూడ నేనే చెప్త.”

“తిట్టుడు తర్వాత. గా గుడ్డ నేనే తీసుకుంట, కదలకు... మూల మీద గీ ఎర్రదారం పువ్వేంది?”

“ఏమో. ముందుగాలనే ఉండె.”

“ఆరు రేకులు. ఒకటి పొట్టిది. జంగమ్మా, నీ బడిసంచి తే.”

“అమ్మా! దీని మీద గూడ గదే పువ్వు! నాయనమ్మ కుట్టింది!”

“అవు. చాకలి కాడ గుడ్డలు కలువొద్దని మా అత్త భీమమ్మ ఇంట్ల ప్రతి గుడ్డకు గిదే పువ్వు కుడుతది.”

“చెల్లె... బావ పెండ్లికి ముందు ఏడ చదివిండు?”

“వికారాబాద్‌ల. నీకెరుకనే గద.”

“అయితె గా పోరడు...”

“మీ బావ వారం దినాలకెల్లి పులి లేదు, పిల్లను పంపు అంటనే ఉన్నడు. నీకెట్ల ఎరుక అంటె, ‘ఒట్టున్నది’ అంటడు. నేను కొట్లాడిన.”

“నేను గిన్నిసార్లు ఆయన ముందల్నే గా ముచ్చట చెప్పిన గదనే! భయానికి లేచిపోతున్నడనుకున్న!”

“బడిల ఇచ్చిన క్యాంపు కాయితం తేవే జంగమ్మా, పంపుతనని ఏలుముద్ర ఏస్త. మామ చేతులు మాత్రం ఇప్పకు. మీ నాయన గనికెల్లి రానీ. గిన్నేండ్లు బైటికి పోయి నవ్విండు పాపం, ఇయ్యాల ఇంట్ల కూసొని నవ్వుకోనీ.”