సేనాపతి దగ్గరున్న రెండు వేళ్లు

మేజర్ అసలు మేజరూ కాదు, కెప్టెనూ కాదు. యుద్ధంలో రెండేళ్లు దుప్పట్ల లారీ తోలాడు. ఆ తర్వాత పాతికేళ్లుగా బిస్కెట్ డబ్బాల మూతలు కొట్టే ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఆ బిరుదు టీ బడ్డీ దగ్గర తనకు తానే ఇచ్చుకున్నాడు. ఎవరూ కాదనలేదు, ఆయన కోతలు లేకపోతే ఆ టీ ఎవరికీ గొంతు దిగదు మరి.

ఆ రోజు మాత్రం అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. మూతలు కొట్టే ప్రెస్సు ముందుండే అడ్డుతలుపు మూస్తేగాని మిషను దిగదు. దానివల్ల మూతకు రెండు సెకన్లు దండగని, తలుపులు పీకించేస్తానని సూపర్‌వైజర్ పట్టుబట్టాడు. టీ అవగానే చేతులెత్తించి తేల్చేస్తానన్నాడు.

"తలుపు లేకపోతే ప్రమాదమా బాబాయ్? నాలుగో నంబరులో ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంది, వారం కిందటే ఆ ప్రెస్సు మీద చేరిన అమ్మాయి.

అందరి కళ్లూ మేజర్ కుడిచేతి మీద పడ్డాయి. చూపుడు వేలూ, మధ్య వేలూ లేవు. ఆయన గ్లాసు ఎడమచేతికి మార్చుకున్నాడు. రెండేళ్లు తూటాల మధ్య తిరిగొచ్చినవాణ్ని ఒక రేకుమూత కొరికిందంటే పరువేం కాను?

"ఇవా? యుద్ధంలో పోయాయమ్మా. లారీ దిగి బీడీ వెలిగిస్తున్నానా, జుయ్యిమంటూ తూటా. దోమను పట్టినట్టు రెండు వేళ్లతో పట్టేశాను."

"కాలలేదా మేజరూ?" అన్నాడు వెల్డరు.

"కాలకేం? దాంతోనే బీడీ ముట్టించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతలివాళ్లకు రోషం వచ్చి ఫిరంగి గుండు వదిలారు. నేనూ రోషం ఉన్నవాణ్నేగా, అదీ పట్టాను, గిరగిరా మూడు చుట్లు తిరిగి, వచ్చిన దారినే విసిరాను. అది వాళ్ల ఫిరంగి నోట్లోకే పోయి కూచుంది!"

"అబ్బ ఛా!"

"నీ మీదొట్టు. కాకపోతే విసిరిన ఊపుకి ఈ రెండు వేళ్లూ గుండుతోపాటే పోయాయి. అవతలి సేనాపతి యుద్ధం ఆపించి, వాటికి సెల్యూట్ కొట్టి, అద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఏటా ఉత్తరం రాస్తాడు, 'వేళ్లు క్షేమం, గోళ్లు మొన్ననే తీయించాను' అని."

బల్ల విరిగేలా నవ్వారు. అమ్మాయి నవ్వలేదు.

"మరి సేనాపతి దగ్గరున్న వేళ్లు మా అమ్మ టిఫిన్ డబ్బాలోకి ఎలా వచ్చాయి బాబాయ్?"

మేజర్ నోట్లో టీ అక్కడే ఆగిపోయింది.

"మా అమ్మ మూడో నంబరులో చేసేది. ఆ రోజు నాలుగో నంబరు అడ్డుతలుపు బాగుచెయ్యాలని విప్పి పక్కన పెట్టారట. ఆగకుండా కానియ్యమన్నారట. ఈ బడ్డీలోనే ఐసు అడిగి, నీ వేళ్లు డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. అతకలేదు. ఆ డబ్బాలో మళ్లీ ముద్ద తినలేక గుండీలు పోసింది. ఇప్పటికీ గుండీలే ఉన్నాయి."

బెల్లు మోగింది. వరసలో నిలబడేసరికి మేజర్ కుడిచెయ్యి జేబులోకి దూరిపోయింది.

"తలుపులు ఉండాల్సిందే అనేవాళ్లెవరయ్యా?" అని సూపర్‌వైజర్ గద్దించాడు. అందరూ చెప్పుల వైపు చూస్తున్నారు. అమ్మాయి చెయ్యి ఒక్కటే లేచింది, ఐదు వేళ్లతో.

మేజర్ ఆ వేళ్ల వంకే చూశాడు. జేబులోంచి చెయ్యి తీసి, పైకెత్తాడు.

"నీకెందుకయ్యా? నీ వేళ్లు యుద్ధంలో పోయాయిగా?" అన్నాడు సూపర్‌వైజర్.

"యుద్ధం నన్ను గీరను కూడా లేదు సార్. నాలుగో నంబరే కొరికింది. కానియ్యమని నా వెనకాల నిలబడి అరిచింది మీరే."

వెల్డరు చెయ్యి లేచింది. ఆ వెనక ఒకటి, ఇంకొకటి, చివరికి వరసంతా. సూపర్‌వైజర్ చేతిలోని కాగితం మడిచి లోపలికి పోయాడు.

మిషన్ల వైపు నడుస్తూ మేజర్ ఛాతీ మళ్లీ ఉబ్బింది.

"చూశావా అమ్మాయ్, నేనొక్క చెయ్యి ఎత్తేసరికి వెయ్యి చేతులు లేచాయి!"

"ఇరవై మూడు బాబాయ్. అందులో మొదటిది నాది," అని అమ్మాయి అడ్డుతలుపు మూసి, మిషను ఆన్ చేసింది.